బరువు చూపించుకోవాలి

పెద్దక్క సెలవు పెట్టిందంటే కాలేజీ ఆరోగ్య కేంద్రంలో అదో పెద్ద వార్త. ఇరవై రెండేళ్లుగా ఆమె అక్కడ హెడ్ నర్సు. ఒళ్లు కాలిపోతున్నా ఇంట్లో పడుకోకుండా వచ్చి, అక్కడి బెంచీ మీదే మాత్ర మింగి పనిలో పడే రకం. అలాంటి మనిషికి జ్ఞానదంతం అడ్డం తిరిగి దవడ వాచింది. మంగళవారం ఒక్కరోజు పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చోక తప్పలేదు.

"ఉన్న కాస్త జ్ఞానమూ పీకేశారన్నమాట. రేపటినుంచి ఆ పిల్లలకు ఏం చెబుతావో పాపం," అన్నాడు భర్త, దవడకు చల్లని గుడ్డ అందిస్తూ. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజంతా జనం చేత మాటలు పడి వస్తాడు కాబట్టి ఇంటికి రాగానే భార్యను రెండు మాటలనకపోతే ఆయనకు తిండి సహించదు.

తిరిగి అనడానికి నోరు పెగలక పెద్దక్క దిండు తీసి విసిరింది. గురి తప్పలేదు. బుధవారం పొద్దున, ఒక బుగ్గ బంతిలా ఉబ్బి ఉన్నా సరే, ఎనిమిది కొట్టేసరికి తన కుర్చీలో ఉంది.

పెద్ద నగరంలో, నాలుగు రోడ్లు కలిసేచోట, ఆరు వేలమంది చదివే కాలేజీ అది. లైబ్రరీ కింది అంతస్తులో ఆరోగ్య కేంద్రం. ఒక పొడవాటి వరండా, గోడవారగా రెండు బెంచీలు, టోకెన్లు ఇచ్చే బల్ల, డాక్టరుగారి గది, కట్లు కట్టే గది, వరండా చివర ఒక చిన్న గది. ఆ చివరి గది, మనసు బాగాలేని పిల్లలతో మాట్లాడే కౌన్సిలర్ మేడంది. అంతకుముందు అందులో సామాన్లు పడేసేవారు. ఎత్తు కొలిచే కడ్డీ ఉన్న పెద్ద బరువు మెషిను కూడా అక్కడే ఉండేది. మేడం వచ్చినప్పుడు సామాన్లు తీసేసి రెండు కుర్చీలు, ఒక బల్ల వేశారు గాని, మెషినుకు వేరే చోటు దొరక్క దాన్ని ఆ మూలే వదిలేశారు.

అలా వదిలేయడం ఎంత మంచిదైందో పెద్దక్కకే తెలుసు. డాక్టరుగారిని చూడాలంటే పేరు, రోల్ నంబరు, డిపార్ట్‌మెంటు అన్నీ రాసివ్వాలి. ఆ చీటీ హాజరు కోసం డిపార్ట్‌మెంటుకు పోతుంది. మేడం దగ్గర చీటీల గొడవ లేదు గాని, ఆవిడ తలుపు ముందు నిలబడితే చాలు, బెంచీల మీదున్న కళ్లన్నీ అటే తిరుగుతాయి. 'వీడికేం వచ్చిందట?' అని గుసగుసలు మొదలవుతాయి. చదువుకున్న పిల్లలే, అయినా ఈ విషయంలో వాళ్ల నోళ్లు ఎవరి అదుపులోనూ ఉండవు. బరువుకు మాత్రం పేరు అక్కర్లేదు. పుస్తకంలో టైము, ఎత్తు, బరువు రాస్తే సరి. రక్తదానం చేసేవాళ్లు, ఆటలాడేవాళ్లు, ఊసుపోక ఎక్కి చూసుకునేవాళ్లు, ఎవరైనా ఆ గదిలోకి వెళ్లొచ్చు.

పన్నెండేళ్ల కిందట ఒక కుర్రాడు కిక్కిరిసిన వరండాలో ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. ఏమైందని అడిగితే కాసేపు నీళ్లు నమిలి, గుండె మీద చెయ్యి వేసుకుని, "బరువుగా ఉందక్కా," అన్నాడు. వెనకెవరో కిసుక్కున నవ్వారు. పెద్దక్క తడుముకోలేదు. "బరువు చూపించుకోవాలా? చివరి గది, పద పద!" అని వరండా అంతా వినబడేలా అరిచి, వాణ్ణి తీసుకెళ్లి మేడం ఎదురుగా కూర్చోబెట్టి తలుపు వేసింది. వాడు ఈ సంగతి ఎవరి చెవిన వేశాడో, వాళ్లింకెవరి చెవిన వేశారో గాని, ఏడాది తిరిగేసరికి 'బరువు చూపించుకోవాలి' అంటే అర్థమేమిటో తెలియాల్సిన వాళ్లందరికీ తెలిసిపోయింది. ఎక్కడా రాసి ఉండదు. ఎవరూ బయటికి అనరు.

నిజంగానే బరువు చూసుకోవడానికి వచ్చినవాళ్లను పోల్చుకోవడం పెద్దక్కకు చిటికెలో పని. వాళ్లు చెప్పులు విడుస్తూ అడుగుతారు. రెండో రకంవాళ్లు నేల చూపులు చూస్తూ అడుగుతారు. ఈ పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఆమె పొరబడలేదు. ఆ గర్వం ఆమెకు ఉంది, ఉండాల్సిందే. కాకపోతే ఇలాంటి గుట్టుతో ఒక చిక్కుంది. అది తెలిసిన మనిషి కుర్చీలో ఉన్నంతసేపే పనిచేస్తుంది.

బుధవారం బరువుల పుస్తకం తెరిచి మంగళవారం పేజీ దగ్గర పెద్దక్క ఆగిపోయింది. గుండ్రటి చేతిరాతలో ఒకే ఒక్క వరస ఉంది. పన్నెండుంబావు, ఎత్తు నూట డెబ్భై ఒకటి, బరువు యాభై ఎనిమిది. పక్కన 'అంతా మామూలే' అని రాసి ఉంది.

రాసింది కొత్త నర్సు. పెద్దాసుపత్రి నుంచి ఈ వారానికి సాయంగా పంపిన అమ్మాయి, ఇరవై ఆరేళ్లుంటాయి. పనిలో మెరుపు. మంగళవారం ఒక్కతే డెబ్భైమందిని చూసి పంపించి, బల్ల కూడా తుడిచి వెళ్లింది.

"ఇదెవరు చెల్లీ?" అంది పెద్దక్క, బుగ్గ పట్టుకుని.

"ఎవరో అమ్మాయి సిస్టర్, పొడుగ్గా ఉంది. బరువు చూపించుకోవాలంది, చూశాను. ఏం, తప్పు రాశానా?"

"ఎటు చూస్తూ అడిగింది?"

"ఎటు చూస్తూ ఏంటి సిస్టర్?" అని నవ్వబోయి, పెద్దక్క మొహం చూసి ఆగిపోయింది కొత్త నర్సు. "కిందికే చూస్తోంది. గదిలోకి తీసుకెళ్లాను. మేడం మీటింగుకు వెళ్లారు కదా, ఎవరూ లేరు. ఆ అమ్మాయి తిన్నగా పోయి కుర్చీలో కూర్చుంది. అక్కడ కాదమ్మా, మెషిను ఎక్కు అన్నాను. చెప్పులు కూడా నేనే విడిపించాను. బ్యాగు మాత్రం గుండెకు హత్తుకుని వదల్లేదు. బయట జనం ఉన్నారు, ఎందుకొచ్చిన గొడవని బ్యాగుతోనే తూచి, అందాజుగా మూడు కిలోలు తీసేసి రాశాను."

"ఏమైనా అందా?"

"అంతేనా, అంది. అంతేనమ్మా, నీకేం లేదు, హాయిగా ఉన్నావు, వెళ్లు అన్నాను."

పెద్దక్కకు పన్ను పీకిన చోట మళ్లీ కలుక్కుమంది. కొత్త నర్సును పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాటకు అసలు అర్థమేమిటో చెప్పింది. వింటున్నకొద్దీ ఆ అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నాకెవరూ చెప్పలేదు సిస్టర్."

"నేనే చెప్పాల్సింది. పంటి నొప్పిలో పడి మర్చిపోయాను," అంది పెద్దక్క. పంటి నొప్పి అబద్ధం కాదు గాని, పన్నెండేళ్లుగా దాచుకున్న గుట్టును వారం రోజుల కోసం వచ్చిన మనిషి చేతిలో పెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, పైకి అనలేదంతే.

తొమ్మిదింటికి డాక్టరుగారు, మేడం వచ్చారు. విషయం విని డాక్టరుగారు వెంటనే ఫోనందుకున్నారు. "దీనికింత ఆలోచన ఏమిటి? ఆఫీసుకు చెబుదాం. నూట డెబ్భై దాటిన ఆడపిల్లలు ఎంతమంది ఉంటారు? వరసగా పిలిపించి అడుగుదాం."

"పిలిపించండి సార్," అంది పెద్దక్క. "రేపటినుంచి ఈ వరండాలో మీరూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చుందాం. ఇక్కడికొస్తే కాలేజీ అంతా వెతికి పట్టుకుంటారని తెలిశాక ఇంకెవరొస్తారు?"

డాక్టరుగారు ఫోను పెట్టేశారు. మేడం మాట తక్కువ మనిషి. "రేపు సాయంత్రం నాలుగింటిదాకా మీ పద్ధతిలో చూడండి. అప్పటికీ రాకపోతే గుట్టూ లేదు, ఏమీ లేదు. ఆ అమ్మాయి క్షేమం ముందు. నేనే క్లాసు క్లాసుకూ తిరిగి వెతుకుతాను," అంది. పెద్దక్క తలూపింది. ఆ పిల్ల ఏ స్థితిలో ఉందో, ఎంతవరకు తట్టుకుంటుందో వాళ్లలో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఒకటే, ధైర్యం చేసి వచ్చినదాన్ని తూచి పంపించేశారు.

పది నిమిషాల్లో పెద్దక్క ఒక కాగితం రాసి తెచ్చింది. అందులో ఇలా ఉంది: 'మంగళవారం ఆరోగ్య కేంద్రంలో బరువు తప్పుగా చూశాం. ఆ రోజు బరువు చూపించుకున్నవారు దయచేసి మళ్లీ రావాలి. పేరు చెప్పక్కర్లేదు.'

"మెషిను నిక్షేపంలా ఉంది కదమ్మా! మొన్ననే పరీక్ష చేయించాను. లేని తప్పు రాస్తే ఎలా?" అన్నారు డాక్టరుగారు.

"బ్యాగుతో తూచి, మూడు కిలోలు గాల్లో తీసేశాం సార్. దాన్ని తప్పనక ఏమంటారు?"

ఆ కాగితం కాపీలు లైబ్రరీ మెట్ల దగ్గర, లిఫ్టు తలుపు పక్కన, క్యాంటీన్లో, హాస్టల్ గేటు దగ్గర, బస్ స్టాపు గోడ మీద అంటించారు. కొత్త నర్సు స్వయంగా తిరిగి అంటించింది. తిరిగొచ్చి బల్ల దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చే ప్రతి మొహాన్నీ చూస్తూ కూర్చుంది. ఆ పొడుగమ్మాయిని గుర్తుపట్టగలిగేది ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం రెండింటికి మొదటి మనిషి వచ్చాడు. మనిషి గుమ్మానికి నిండుగా ఉన్నాడు. "మంగళవారం బరువు తప్పు చూశారటగా. నాది కూడా చూశారు," అన్నాడు, నేల మీద పలకలు లెక్కపెడుతూ.

కొత్త నర్సు పెద్దక్క చెవిలో, "ఇతను రాలేదు సిస్టర్. పుస్తకంలో ఒక్కరే కదా ఉన్నది," అంది.

"నాకూ తెలుసు," అని గొణిగి, "అవును నాన్నా, పెద్ద పొరపాటే జరిగింది. చివరి గదికి వెళ్లు," అంది పెద్దక్క.

గంటలోపు ఇంకో ఇద్దరొచ్చారు. సాయంత్రానికి అయిదుగురయ్యారు. గురువారం పొద్దున తలుపు తీసేసరికే ముగ్గురు బయట నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి మంగళవారం సాయంత్రం అయిదింటికి చూపించుకున్నానంది, కేంద్రం మూసేది నాలుగింటికి. లా చదివే ఒకాయన తన బరువు తప్పుగా చూడటం వల్ల తనకు కలిగిన ఇబ్బంది గురించి చాలా వాదించాడు, తీరా గదిలోకి వెళ్లాక నలభై నిమిషాలు బయటికి రాలేదు. ఇంకో బక్కపల్చటి కుర్రాడు మరీ అమాయకుడు. "నేనొచ్చింది సోమవారం అనుకుంటానక్కా. పర్లేదా?" అని అడిగాడు.

"పర్లేదు. ఈ వారమంతా మెషినుకు ఒంట్లో బాగాలేదు," అంది పెద్దక్క.

మేడం ఒక్కతే చాలక నగరంలోని ఇంకో కాలేజీ నుంచి తనకు తెలిసిన కౌన్సిలరును పిలిపించింది. ఆవిడకు కట్లు కట్టే గది ఇచ్చారు. నిజంగానే బరువు చూసుకునేవాళ్లు మధ్యలో తలుపు తట్టకుండా మెషినును ఈడ్చుకొచ్చి వరండాలో బల్ల పక్కన పెట్టారు. పెద్దక్కకు లోపల పండగలా ఉంది. ఒక్క కాగితంతో ఇంతమందా! ఇన్నాళ్లూ వీళ్లంతా ఎక్కడున్నారు? బుగ్గ వాపు కూడా తగ్గింది.

కొత్త నర్సుకు మాత్రం ఇవేమీ ఆనటం లేదు. "పదకొండు మంది సిస్టర్. అందులో ఆ అమ్మాయి లేదు," అంది గురువారం మూడింటికి.

"వస్తుంది."

"ఎలా చెప్పగలరు?"

"ఇరవై రెండేళ్లు ఈ కుర్చీలో కూర్చున్నదాన్ని చెబుతున్నాను, వస్తుంది," అంది పెద్దక్క. అలా అన్నదే గాని ఆ తర్వాత నాలుగుసార్లు గోడ గడియారం చూసింది. గదిలో మేడం కూడా నాలుగింటి కోసమే చూస్తోందని ఆమెకు తెలుసు.

మూడున్నర దాటాక కొత్త నర్సు చెయ్యి పెద్దక్క మోచేతిని గట్టిగా పట్టుకుంది. గుమ్మంలో పొడుగ్గా ఒకమ్మాయి నిలబడి ఉంది. బ్యాగు గుండెకు హత్తుకుని ఉంది.

బెంచీల మీద ఎనిమిదిమంది ఉన్నారు. పెద్దక్క తేలిగ్గా నవ్వి, "రా తల్లీ, మొన్న తప్పు చూశాం..." అని మొదలుపెట్టేలోపే ఆ అమ్మాయి పక్కనున్న మెషినును చూసింది. ఈసారి ఎవరూ అడగకుండానే చెప్పులు విడిచింది, బ్యాగు కింద పెట్టింది, ఎక్కి నిలబడింది. ముల్లు వణికి ఆగింది. యాభై ఎనిమిది. కొత్త నర్సు అందాజు అంత బాగుంది మరి.

"అంతే ఉంది," అందా అమ్మాయి, ముల్లునే చూస్తూ. "మొన్న కూడా ఇంతే చెప్పారు. మరి తప్పేముంది?"

"అది కాదమ్మా, మొన్న బ్యాగుతో..."

"సరిగ్గానే చూశారు. నాకేం లేదు." దిగి చెప్పులేసుకుంది. "నాకూ అలాగే అనిపిస్తోంది లెండి. అందరూ చదువుకుంటున్నారు, తింటున్నారు, తిరుగుతున్నారు. నేనే ఏదో ఊహించుకుంటున్నాను." వంగి బ్యాగు తీసుకుంది. గుమ్మం వైపు తిరిగింది.

పెద్దక్కకు మాట రాలేదు. దానికి పన్ను కారణం కాదు. ఆమె దగ్గరున్న విద్యంతా చాటు కల్పించే విద్య. పదిమంది ముందు ఒక మాటకు ఇంకో మాట కప్పి పిల్లల్ని గది దాకా తీసుకెళ్లడం ఆమెకు వచ్చు. ఆ కప్పిన మాటనే నిజమనుకుని ఒక పిల్ల వెనక్కి వెళ్లిపోతుంటే ఏమనాలో ఆమెకు తెలియలేదు. ఉన్న సంగతి అందామంటే బెంచీల నిండా జనం. అనకపోతే ఆ పిల్ల వెళ్లిపోతోంది.

"ఆగమ్మా!" అంది కొత్త నర్సు. కుర్చీ వెనక్కి పడిపోయినా చూసుకోకుండా బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆ అమ్మాయి ముందు నిలబడింది. "మెషినుకేం కాలేదు. తప్పు చేసింది నేను. నువ్వు మాట్లాడదామని వచ్చి కుర్చీలో కూర్చున్నావు. నేను లేపి తూచాను. నీకేం లేదన్నాను. నీకేముందో నేను అడగనే లేదు. తెలియకుండా అనేశాను, అది తప్పు. రెండు రోజులనుంచి నీకోసమే ఇక్కడ కూర్చున్నాను."

అంతా బయటికే అనేసింది, వరండా మొత్తానికి వినబడింది. పెద్దక్కకు చప్పున ఆమె నోరు మూసేయాలనిపించింది. బెంచీల వైపు చూసింది, ఏ మూలనుంచి నవ్వు వస్తుందోనని. ఎవరూ నవ్వలేదు.

"ఇరవై రోజులనుంచి క్లాసుకు వెళ్లట్లేదండీ," అంది ఆ అమ్మాయి చిన్నగా. "పొద్దున బస్సు దిగుతాను. గేటు దాకా వస్తాను. లోపలికి అడుగు పడదు. సాయంత్రం దాకా ఆ స్టాపులోనే కూర్చుంటాను. ఇంటికెళ్లి, అమ్మ అడిగితే క్లాసులు బాగా జరుగుతున్నాయని చెబుతాను. మొన్న మీ దగ్గరికి రావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది." ఆ తర్వాత మాట సాగలేదు, ఏడుపే వచ్చింది. కొత్త నర్సు ఆమెను దగ్గరికి తీసుకుంది. ఎవరి కన్నీళ్లు ఎవరివో తెలియడం లేదు.

బెంచీ చివర నుంచి సోమవారం కుర్రాడు లేచాడు. మేడం రెండోసారి రమ్మంటే వచ్చి తన వంతు కోసం కూర్చున్నాడు పాపం. "అక్కా, తర్వాత మేడం దగ్గరికి వెళ్లాల్సింది నేనే కదా. ఈవిణ్ణి పంపించండి. నేను ఆగుతాను," అన్నాడు. అంతమంది ముందు తాను మేడం కోసమే వచ్చానని బయటపడిపోతున్నానన్న సంగతి అతనికి అన్నాక తట్టింది. చెవులు ఎర్రబడ్డాయి. అయినా మళ్లీ కూర్చోకుండా, ఆ అమ్మాయి లోపలికి వెళ్లేదాకా అలాగే నిలబడ్డాడు.

తలుపు మూసుకున్నాక కొత్త నర్సు పడిపోయిన కుర్చీ ఎత్తి నిలబెట్టింది. "అందరి ముందూ అనేశాను సిస్టర్. మీ పద్ధతి పాడుచేశానేమో."

"పాడుచేశావు," అంది పెద్దక్క. ఆమెకు ఆ క్షణంలో కాస్త కుళ్లుగా ఉంది, కాస్త సిగ్గుగా ఉంది, అన్నిటికంటే ఎక్కువగా ప్రాణం లేచొచ్చినట్టుగా ఉంది. "నాకు రాని మాట అన్నావు చెల్లీ. నిన్ను ఈ వారమే పంపారని బాధగా ఉంది. డాక్టరుగారికి చెప్పి ఆసుపత్రికి ఉత్తరం రాయిస్తాను, నిన్ను ఇక్కడే ఉంచమని."

నాలుగింటికి కేంద్రం మూయాలి. ఎవరూ మూయలేదు. బెంచీలు ఖాళీ అయినా పెద్దక్క కదల్లేదు, కొత్త నర్సు కదల్లేదు, డాక్టరుగారు కూడా ఏదో పనున్నట్టు గదిలో కాగితాలు సర్దుతూనే ఉన్నారు. అయిదు కావస్తుండగా చివరి గది తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి కళ్లు వాచి ఉన్నాయి. బ్యాగు ఒక భుజానికి వేలాడుతోంది. మేడం ఆమె వెనక నిలబడి పెద్దక్కకు ఫరవాలేదన్నట్టు తల ఊపింది.

అమ్మాయి బల్ల దాకా వచ్చి ఆగింది. "మేడం రేపు కూడా రమ్మన్నారు. అమ్మతో ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దామన్నారు." పెద్దక్క మొహంలోకి సూటిగా చూసింది. "రేపు క్లాసుకు వెళ్తానో లేదో తెలీదక్కా. ఇక్కడికి మాత్రం వస్తాను."

"ఎనిమిదింటికే తెరుస్తాం తల్లీ," అంది పెద్దక్క. "బస్సు దిగి తిన్నగా వచ్చెయ్."